ముప్ఫై మూడో పేజీ

ఉదయం ఎనిమిది నలభైకి, వంశధార సంగీత కళాశాల విద్యార్థుల సంగీత పత్రిక 'నాదధార'లో సంగీతం లేదని తేలింది.

పదకొండింటికి ఆవిష్కరణ. ఐదువందల ప్రతులు ప్రిన్సిపాల్ గదిలో కట్టలుగా సిద్ధంగా ఉన్నాయి. బ్యానరు కట్టేశారు. పూలదండలు బకెట్లో నీళ్లు తాగుతున్నాయి. ఆ సమయంలో మూడో సంవత్సరం విద్యార్థిని, పత్రిక విద్యార్థి సంపాదకురాలు అయిన మెర్సీ ఒక కట్ట విప్పి, ఒక ప్రతి తీసి, తెరిచి చూసింది. అచ్చయిన పత్రికను తెరిచి చూడటం ఆ కళాశాల సంప్రదాయం కాదు. అనర్థానికి మూలం అదేనని తర్వాత విచారణ నివేదికలో నమోదైంది.

నలభై ఎనిమిది పేజీల పత్రికలో పాట ఒక్కటే. అది ముప్ఫై మూడో పేజీలో ఉండాలి. ఇప్పుడు అక్కడ ముఖ్య అతిథి గారు మొక్క నాటుతున్న ఫోటో ఉంది. ముప్ఫై రెండో పేజీలో అదే మొక్కను ఆయన నాటబోతున్న ఫోటో ఉంది.

పాట ఇచ్చిన మనిషి తన పాటను అచ్చులో చూసుకోవడానికి భావనపాడులో అప్పుడే బస్సెక్కాడు. బస్సు గంటన్నరలో వస్తుంది.

ఈ పత్రిక ఏదో ఆషామాషీగా పుట్టిందనుకుంటే పొరపాటు. జూన్ నుంచి డిసెంబరు దాకా ఆరు నెలలు ప్రణాళిక జరిగింది. ప్రిన్సిపాల్ గణపతిరావు గారు మొదటి సమావేశంలోనే స్పష్టం చేశారు: "ఇది విద్యార్థుల పత్రిక. విద్యార్థులే రూపకల్పన చెయ్యాలి. మేం చెప్పినట్టు చెయ్యాలి." సమావేశాలకు గది చాలకపోవడంతో గాత్రం క్లాసు ఎత్తేశారు. కుర్చీలు చాలకపోవడంతో వయొలిన్ క్లాసు ఎత్తేశారు. హార్మోనియం పెట్టెను టీ కప్పులు పెట్టుకోవడానికి వాడారు. సంగీత పత్రిక కోసం సంగీతం ఆ మాత్రం త్యాగం చేయకపోతే ఎలా?

జూన్, జూలై పేరు నిర్ణయించడానికి సరిపోయాయి. ఆగస్టులో ఫోటో కొలతల ఉపసంఘం ఏర్పడింది. ఎవరి ఫోటో ఎన్ని సెంటీమీటర్లు ఉండాలన్నది హోదాను బట్టి తేల్చారు. ముఖ్య అతిథికి పూర్తి పేజీ, ప్రిన్సిపాల్‌కు అర పేజీ, అధ్యాపకులకు పాస్‌పోర్టు సైజు, విద్యార్థులకు గ్రూపు ఫోటో. వాగ్గేయకారుల చిత్రాల ప్రస్తావన కూడా వచ్చింది. వాళ్లెవరూ ప్రస్తుతం పదవుల్లో లేరని ఉపసంఘం గుర్తించి, విచారం వ్యక్తం చేసింది.

సెప్టెంబరులో సందేశాలు. పదహారు మంది ప్రముఖులు సందేశాలు పంపారు. పదహారూ తెలుగు అధ్యాపకుడు కూర్మయ్య గారే రాశారు. 'ఈ సంచికలోని పాటలు చదివి పరవశించాను' అని పదహారు మందీ ముక్తకంఠంతో అన్నారు. అప్పటికి సంచికలో పాటలు లేవు. అయినా పరవశించారంటే వాళ్ల సంగీతాభిమానం ఎంతటిదో పాఠకులే ఊహించుకోవచ్చు.

ముఖచిత్రం బాధ్యత రెండో సంవత్సరం స్టాన్లీది. అతనికి కంప్యూటర్లో ఫోటోలు అతికించడం వచ్చు. ముఖ్య అతిథి గారు వీణ వాయిస్తున్నట్టు ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆయన ఎన్నడూ వీణ పట్టలేదు కనుక, ఏదో షాపు ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరిస్తున్న ఫోటో తీసి దాని కింద వీణ పెట్టాడు స్టాన్లీ. ముఖచిత్రం మీద ఆయన కత్తెరతో తీగలు తెంపబోతున్నట్టు కనిపిస్తారు. ప్రిన్సిపాల్ గారు చూసి, "ఏకాగ్రత బాగుందిరా," అని మెచ్చుకున్నారు.

ముఖ్య అతిథి గారి పేరు ఇంతవరకు చెప్పలేదని పాఠకులు అనుకోవచ్చు. ఆ పేరు పత్రికలో నూట పన్నెండు సార్లు ఉంది. ఇక్కడ కూడా రాస్తే మర్యాద కాదు. ఆయనకు రెండు ఐసు ఫ్యాక్టరీలు, తొమ్మిది మరపడవలు ఉన్నాయి. అక్టోబరులో తిత్లీ తుఫాను తీరాన్ని ఊడ్చేసినప్పుడు తీరప్రాంత సహాయ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. తాతగారు కూడా అంతే. పాత రోజుల్లో ఒక తుఫాను వచ్చినప్పుడు ఊరి పెద్దగా ఆయనే సహాయం పంచారు. పెద్ద మనవడికి తాత పేరు పెట్టడం మన వైపు రివాజు. ఆ ఇంట్లో ఆ రివాజు తప్పలేదు. తాతదీ మనవడిదీ ఒకే పేరు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

నవంబరులో డమ్మీ పుస్తకం, అంటే అచ్చుకు ముందు చూసుకునే నమూనా, తయారయింది. సంగీత పత్రికలో ఒక్క పాటైనా ఉంటే బాగుంటుందేమోనని మెర్సీ భయపడుతూనే అడిగింది. చివరికి ఒక ప్రముఖుడు సందేశంతో పాటు ఫోటో పంపకపోవడంతో ఒక పేజీ మిగిలింది. అదే ముప్ఫై మూడో పేజీ.

మెర్సీది భావనపాడు. తండ్రి అక్కడి బాప్టిస్టు చర్చిలో వాచ్‌మన్. వాళ్ల ఇంటికి మూడిళ్ల అవతల గంగులు ఉంటాడు. డెబ్భై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు పెద్ద వల లాగే జట్టుకు తండేలు, అంటే నాయకుడు. వల లాగేటప్పుడు ముందు పాట ఎత్తుకునేది తండేలే. అతను ఒక ప్రశ్న వేస్తే జట్టంతా జవాబు చెబుతూ తాడు లాగుతుంది. వల బరువెక్కిన కొద్దీ కొత్త చరణం పుడుతుంది. ఆ పాటకు ఆఖరి చరణం అంటూ ఉండదు. ఒడ్డుకు చేరేదాకా కట్టుకుంటూ పోవడమే.

ఇప్పుడు గంగులు గొంతులో గడ్డ. జనవరి మొదటి వారంలో విశాఖపట్నంలో ఆపరేషన్. మాట నిలుస్తుందో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు.

"పాట రాసుకోయే గుంటా," అన్నాడు గంగులు బొంగురు గొంతుతో. "నాను సదువుకోనేదు. అయినా నా పాట అచ్చులో సూసుకోవాల. రేపు గొంతు పోతే పోతాది, కాయితం ఉంటాది."

మెర్సీ రాసుకుంది. వరసకు స్వరాలు కట్టింది. రాయడం అయ్యాక గంగులు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క మాట. ఆఖర్న ఓ పేరుంది. అది మాత్రం తియ్యకు. ఆనాటి తుఫాను బియ్యం కోసం మా అయ్య మూడ్రోజులు ఎండలో నిల్సున్నాడు. ఉత్త గోనెసంచితో తిరిగొచ్చినాడు. మనిషి పోనాడు, బియ్యం పోనాది. పేరొక్కటే మిగిలినాది మాకు."

"తియ్యను తాతా," అంది మెర్సీ. ఇరవయ్యేళ్ల జీవితంలో ఆమె ఇచ్చిన మొదటి పెద్ద మాట అది.

ఇదీ ముప్ఫై మూడో పేజీ చరిత్ర. ఇక నేరం దగ్గరికి వద్దాం.

పేజీ మాయమైందని మెర్సీ చెప్పగానే ప్రిన్సిపాల్ గారు తీవ్రంగా స్పందించారు. రెండు నిమిషాల్లో ఏకసభ్య విచారణ సంఘాన్ని వేశారు. ఆ ఏకసభ్యుడు ఆయనే. మరో ఐదు నిమిషాల్లో సంపాదక మండలి అందరికీ ప్రశ్నావళి అందింది. 'ముప్ఫై మూడో పేజీని మీరు చివరిసారిగా ఎప్పుడు చూశారు? అప్పుడు అది ఏ స్థితిలో ఉంది? దానికి ఎవరితోనైనా విరోధం ఉందా?' కూర్మయ్య గారు 'చూడలేదు, తెలియదు, లేదు' అని రాశారు. స్టాన్లీ, ముఖచిత్రం దాటి తాను లోపలికి వెళ్లలేదని రాశాడు. అటెండరు లక్ష్ముడు వేలిముద్ర వేశాడు. హాస్టల్లో ఆరు ట్రంకుపెట్టెలు తనిఖీ చేశారు. ఒకదాంట్లో జీడిపప్పు పొట్లం దొరికింది. దాన్ని సాక్ష్యంగా స్వాధీనం చేసుకుని, విచారణ సంఘం తినేసింది.

తొమ్మిదిన్నరకు మెర్సీ గేటు పక్కకు వెళ్లి ప్రెస్సుకు ఫోన్ చేసింది. పత్రిక పేజీలు కూర్చింది ధనరాజ్. శ్రీకాకుళంలో చిన్న డీటీపీ సెంటరు అతనిది.

"ధనరాజ్ అన్నా, ముప్ఫై మూడో పేజీలో పాట ఏమైంది?"

"వైరస్ తినీసింది," అన్నాడు ధనరాజ్. చెప్పిన తీరు చూస్తే పాఠం అప్పగించినట్టుంది.

"ఒక్క పేజీనే తిందా?"

"దానికి అదే ఇష్టమేమో, నాకేటి తెలుసు?"

"అన్నా, తాత బస్సులో ఉన్నాడు. ఇంకో ఇరవై రోజుల్లో ఆపరేషన్. ఆయనకి ఏటి సెప్పమంటావు?"

ధనరాజ్ గొంతు తగ్గించాడు. "ఒక పని సేస్తాను. నాను ఏటీ సెప్పను. నీ వాట్సాప్ మాత్రం సూసుకో."

డీటీపీ వాళ్ల కష్టం తెలిసినవాళ్లకు ఇది తెలుసు. ఫోన్లో దిద్దుబాట్లు చెప్పి, అచ్చయ్యాక 'నేనెప్పుడన్నాను?' అనే పెద్దమనుషులే ఎక్కువ. అందుకని ధనరాజ్ ఫోనులో ప్రతి సంభాషణా దానంతటదే రికార్డవుతుంది. మెర్సీ చెవి దగ్గర పెట్టుకుని విన్నది. గొంతు గంభీరంగా ఉంది. కొత్త గొంతు కాదు.

"ధనరాజ్, కూర్మయ్య గారు ప్రూఫు చదివారు. ముప్ఫై మూడులో పాట తీసెయ్. అందులో పెద్దాయన తాత పేరుంది. ఆయన చూస్తే నా ట్రాన్స్‌ఫర్ ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో పడతాది. ఆ స్థానంలో మొక్క నాటే ఫోటో వెయ్. రెండోది. అడిగితే వైరస్ అని చెప్పు. నా పేరు బయటికి రానీకు."

ఏకసభ్య విచారణ సంఘం గొంతు అది.

పది గంటలకు నివేదిక వెలువడింది. కళాశాల చరిత్రలో ఇంత వేగంగా ఏ నివేదికా రాలేదు. దాని సారాంశం: 'ముప్ఫై మూడో పేజీ తిత్లీ తుఫానులో కొట్టుకుపోయింది.' తుఫాను అక్టోబరులో వచ్చింది, పేజీ నవంబరులో తయారైంది. ఈ చిన్న తేడాను తుఫాను తీవ్రతకు నిదర్శనంగా పేర్కొన్నారు. అందరూ సంతకాలు చేశారు. చివరికి కాగితం మెర్సీ ముందుకు వచ్చింది.

"సంతకం పెట్టమ్మా," అన్నారు గణపతిరావు గారు ఆప్యాయంగా. "ఆఖరి సంవత్సరం కదా. సర్టిఫికెట్ మీద నేను కూడా సంతకం పెట్టాలి కదా."

మెర్సీ పెట్టింది. మన్నించాలి. ఆ స్థితిలో మీరూ నేనూ ఇంకా ముందే పెట్టేవాళ్లం.

పది దాటాక గంగులు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో మఫ్లరు, చేతిలో ఎండుచేపల పొట్లం. పత్రిక చేతికివ్వగానే ముందు వాసన చూశాడు.

"ఏదీ నా పేజీ?"

మెర్సీ ముప్ఫై మూడు తెరిచింది. గంగులు చాలాసేపు చూశాడు. చదువు రాకపోయినా చూపు బాగానే ఉంది.

"పాట అచ్చేస్తే ఇలాగుంటాదేటే? మొక్కా, మనిషీ?"

మెర్సీ ఏడ్చేసింది. అంతా చెప్పేసింది. సంతకం సంగతి కూడా. గంగులు ఫోటో మీద వేలు పెట్టి, "ముక్కు తాతదే," అన్నాడు. తర్వాత పత్రిక మడిచి ఎండుచేపల పొట్లానికి పైన చుట్టాడు.

"ఏడవకే గుంటా. నువ్వు సంతకం పెట్టకపోతే మీ అయ్య నిన్ను ఏటి సేత్తాడు, సర్టిఫికెట్ నేకండా? కాయితం మీద నేకపోతే నోట్లో ఉంది కదా. ఇంకా ఇరవై రోజులుంది."

పదకొండైంది. ముఖ్య అతిథి గారు రాలేదు. పన్నెండైంది. రాలేదు. మైదానంలో నాలుగువందల మంది విద్యార్థులు, చుట్టుపక్కల ఊళ్ల జనం కూర్చున్నారు. తలల మీద ఎండ పడకుండా పెద్ద పందిరి. ముఖ్య అతిథి గారు సొంత ఉదారతతో పంపిన కొత్త నీలం బరకాలతో, అంటే టార్పాలిన్లతో, వేసిన పందిరి అది. అక్టోబరులో ఇంటి పైకప్పులు ఎగిరిపోయిన ఊళ్లు ఇలాంటి బరకాల కోసమే రెండు నెలలుగా ఎదురుచూస్తున్నాయి. ప్రతి బరకం మీద తెల్ల అక్షరాలతో 'తుఫాను బాధితుల కొరకు - అమ్మరాదు' అని ఉంది. కట్టేటప్పుడు అక్షరాలు కిందివైపుకు రావడం వల్ల, ఖాళీగా కూర్చున్న జనానికి తలెత్తి చదువుకోవడానికి ఏదో ఒకటి దొరికింది. 'నాదధార'కంటే దానికే పాఠకులు ఎక్కువ.

ఒంటిగంటన్నరకు ముఖ్య అతిథి గారు వేంచేశారు. జ్యోతి వెలిగింది. ప్రార్థన గీతం పాడాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్న గీతాన్ని మైకు సెట్టువాడు నొక్కాడు. రాలేదు. మళ్లీ నొక్కాడు. గుర్రుమంది.

గణపతిరావు గారు సంగీత విద్యార్థుల వైపు చూశారు. సంగీత విద్యార్థులు నేల వైపు చూశారు. ఆరు నెలలుగా వాళ్లు పత్రిక ప్రణాళికలో తలమునకలై ఉన్నారు. ఒక్కరికీ ఒక్క పాటా సాధనలో లేదు.

"ఒరే, సంగీతం కాలేజీరా ఇది," అన్నారు ప్రిన్సిపాల్ గారు పళ్లు బిగించి. కంగారులో పుస్తకాల భాష జారి ఊరి భాష బయటపడింది. "ఎవుడికైనా ఒక్క పాటొస్తాదేట్రా?"

"మా ఊరి తాతకి వస్తాది సార్," అంది మెర్సీ.

"భక్తి పాటేనా?"

"సముద్రం మీద పాట సార్. జాలర్లది."

"జాలర్లా? పెద్దాయనకి పడవలున్నాయి కదా, ఇష్టపడతారు. పిలు, పిలు."

గంగులు వేదికెక్కాడు. మఫ్లరు తీసి భుజాన వేసుకున్నాడు. పక్కన జవాబు చెప్పడానికి మెర్సీ నిలబడింది. వేదిక మీద కూర్చునే పెద్దల గురించి ఒక సంగతి చెప్పాలి. సౌండు బాక్సులన్నీ జనం వైపు తిరిగి ఉంటాయి. కనుక మైకులో ఎవరేమంటున్నదీ జనం అందరికీ తెలుస్తుంది, పెద్దలకు మాత్రం వినపడదు. మన సభలన్నీ సజావుగా సాగడానికి ఈ ఏర్పాటే కారణం.

"గాలొచ్చె గాలొచ్చె, ఇల్లెగిరిపోయె," అని ఎత్తుకున్నాడు గంగులు. గొంతు బొంగురే. కాని వరస తాడులా బిగుసుకుంది.

"లాగు మావా లాగు," అంది మెర్సీ.

"బండెక్కి వచ్చినాది బస్తాల బియ్యం."

"లాగు మావా లాగు," అన్నారు ముందు వరసలో కుర్రాళ్లు.

"బండి దిగిన బియ్యము పొయ్యి ఎక్కలేదు."

"లాగు మావా లాగు!" ఈసారి మైదానమంతా అందుకుంది.

వేదిక మీద కూర్మయ్య గారు ఒక్కసారిగా ఉలిక్కిపడ్డారు. మెర్సీ కాక ఆ కళాశాలలో ఆ పాట చదివినవారు ఆయనొక్కరే. గబగబా చీటీ రాశారు: 'ఇదే ఆ పాట. వెంటనే ఆపించండి.' చీటీని ప్రిన్సిపాల్ గారికి అందించారు. వేదిక మీదికి వచ్చే ప్రతి చీటీనీ చదవకుండా ముఖ్య అతిథికి అందించడం ప్రిన్సిపాల్ గారికి ఇరవయ్యేళ్ల అలవాటు. అందించారు. ఏ కాగితం వచ్చినా చదవకుండా సంతకం పెట్టడం ముఖ్య అతిథి గారికి తరతరాల అలవాటు. పత్రికలో తన ఫోటోలు లెక్కపెట్టుకుంటున్న ఆయన తల ఎత్తకుండానే 'అనుమతించడమైనది' అని రాసి, సంతకం పెట్టి వెనక్కిచ్చారు. అప్పుడు చదివారు గణపతిరావు గారు. ఆయన ముఖం ఆ చీటీకంటే తెల్లబడింది.

గంగులు ఆగాడు. మెర్సీ వైపు చూశాడు. ప్రశ్న అడిగేది తండేలే అయినా, జవాబు చెప్పవలసింది జట్టు.

"బియ్యమెవుడు తిన్నాడు?"

మెర్సీకి తన సర్టిఫికెట్ కనిపించింది. దాని మీద సంతకం పెట్టవలసిన చెయ్యి మూడడుగుల దూరంలో చీటీని నలుపుతూ కనిపించింది. పొద్దున కాగితం మీద పెట్టిన తన సంతకం కూడా కనిపించింది. ఆమె మైకు దగ్గరికి వంగింది. పేరు చెప్పింది.

అచ్చులో నూట పన్నెండు సార్లు పడ్డ పేరును ఎవరైనా గట్టిగా పలకడం ఆ రోజు అదే మొదటిసారి.

"గోనెవుడు దులిపినాడు?" అని అడిగాడు గంగులు. ఈసారి నాలుగువందల గొంతులు చెప్పాయి.

ముఖ్య అతిథి గారు ఉలిక్కిపడి తలెత్తారు. ప్రశ్న ఆయనకు వినపడలేదు. పేరు వినపడింది. పందిరి కింద, ఆకలితో, మూడు గంటలుగా కూర్చున్న జనం తన పేరును పాటగా పాడుతున్నారు! ఆయన కళ్లు చెమర్చాయి. లేచి నిలబడ్డారు. రెండు చేతులూ జోడించి ఎడమ వైపు ఒకసారి, కుడి వైపు ఒకసారి నమస్కరించారు. ఫోటోగ్రాఫరుకు సైగ చేశారు. వచ్చే ఏటి సంచికకు ముఖచిత్రం దొరికింది.

"ఏమి అభిమానం!" అన్నారు రెండో మైకు అందుకుని, గద్గదంగా. "ఇంత మంచి పాటని పత్రికలో ఎందుకు వెయ్యలేదు? ఇది మీ పొరపాటు ప్రిన్సిపాల్ గారూ. ఇంకోసారి పాడండి. ఈసారి మీరు కూడా అనాలి. అందరికంటే గట్టిగా మీ గొంతే వినపడాలి నాకు."

ఆ మైకు గణపతిరావు గారి చేతిలో పెట్టారు. ఆయన మెర్సీని చూశారు. కూర్మయ్య గారిని చూశారు. ఇచ్ఛాపురం వైపు చూశారు. ముఖ్య అతిథి గారి ఆజ్ఞను ఇంతవరకు ఎన్నడూ తోసేసిన మనిషి కాదాయన.

గంగులు తలెత్తి పందిరిని చూశాడు. గాలికి నీలం బరకాలు ఊగుతున్నాయి. తెల్ల అక్షరాలు చదవడం అతనికి రాదు. కాని తన ఇంటి మీద రెండు నెలలుగా లేనిదేమిటో అతనికి తెలుసు. వల బరువెక్కింది. కొత్త చరణం పుట్టింది.

"ఊరిమీది బరకాలు ఎవుడు దాసినాడు?"

జనమంతా తలలు పైకెత్తారు. ముఖ్య అతిథి గారు చేతులు జోడించి, కళ్లు మూసుకుని, చిరునవ్వుతో ఎదురుచూశారు. ప్రిన్సిపాల్ గణపతిరావు గారు నిండా ఊపిరి పీల్చుకుని, అందరికంటే గట్టిగా అన్నారు:

"నరసింగరావే!"